బుజ్జి కారు నర్మెట్టకొస్తే...!

"అన్నా, గిసొంటి బండి మన నర్మెట్టల నడుస్తదా?"

ఈ ప్రశ్న నా చెవిలో పడేసరికి తెర మీద ప్రభాస్ సాహసం మంచి జోరులో వుంది. జనగామలో 'కల్కి 2898 ఏడీ' ఆడుతున్న రోజులవి. హీరో కనిపించినప్పుడు పడిన ఈలలు ఒక ఎత్తు, ఆయన కారు 'బుజ్జి' కనిపించినప్పుడు పడిన ఈలలు ఒక ఎత్తు!

అడిగినవాడు మా బాబాయి కొడుకు. నర్మెట్టలో ఫోటో స్టూడియో వుంది వాడికి. పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. కెమెరాలు, లైట్లు, స్టాండ్లు అన్నీ బైకు మీద కట్టుకుని జనగామకు తిరిగి తిరిగి నడుం పట్టేసింది పాపం. ఎలాగైనా ఒక కారు కొనాలని అయిదేళ్ళుగా రూపాయి రూపాయి కూడబెడుతున్నాడు.

"ముందు సినిమా చూడు తమ్మీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

ఊరుకుంటాడా? ఇంటర్వెల్‌లో సమోసా చేతిలో పెట్టి మళ్ళీ మొదలెట్టాడు. "పెట్రోలు కారు కొంటె వచ్చిన పైసలన్ని పెట్రోలుకే పోతయి. కరెంటు కారు కొంటె నడుమల ఆగిపోతదేమోనని బుగులు. నువ్వు కార్ల పిచ్చోనివి గదనే! నువ్వేది కొనుమంటె గది కొంట."

విన్నారుగా? వాడి అయిదేళ్ళ కష్టార్జితం నా నోటి మాట మీద ఆధారపడింది. సినిమా రెండో సగం నేను సరిగా చూడనేలేదంటే నమ్మండి!

చప్పుడు ప్రేమికుడు

నా పిచ్చి సంగతి కాస్త చెప్పుకోవాలి. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని, బండి మలుపు తిరక్కముందే చప్పుడు విని అది అంబాసిడరో, జీపో, మారుతి 800 బండో చెప్పేసేవాణ్ణి. ఈ విద్యకి బడిలో మార్కులు పడలేదు గానీ వీధిలో మాత్రం మంచి పేరొచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో ఒక పాత మారుతి 800 వుంది. ఆదివారం పొద్దున్నే దాన్ని స్టార్ట్ చేసి, ఆ 'గుర్... గుర్' వింటూ టీ తాగడం నాకు పూజతో సమానం.

అలాంటి మనిషికి చప్పుడు లేని కారు ఎలా కనిపిస్తుంది? పాటలు లేని సినిమాలా! "కరెంటు కారా? దానికన్నా మిక్సీ నయం, కాస్త చప్పుడైనా చేస్తుంది" అని ఎన్నోసార్లు వెటకారం చేశాను. అయితే వెటకారం వేరు, తమ్ముడి డబ్బు వేరు. అందుకని ఈసారి విషయం మొదటినుంచీ తెలుసుకోవాలనుకున్నాను.

బుజ్జి జాతకం

ముందు మన బుజ్జి సంగతి చూద్దాం. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో అభిమానుల ముందుకు దూసుకొచ్చిన ఈ బండి ఉత్త అట్టబొమ్మ కాదు. నిజంగా నడిచే ఎలక్ట్రిక్ కారు! దర్శకుడు నాగ్ అశ్విన్ ఊహకు మహీంద్రా ఇంజనీర్లూ, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్ వాళ్ళూ కలిసి ప్రాణం పోశారు. బరువు దాదాపు ఆరు టన్నులు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతిలాంటి ఒక్క చక్రం. రేసింగ్ మోజున్న నాగచైతన్య కూడా దీన్ని నడిపి ముచ్చట తీర్చుకున్నాడు.

ఇంకో తమాషా గమనించారా? ఇదే నాగ్ అశ్విన్ 2018లో 'మహానటి' తీశాడు. సావిత్రికి కార్లంటే ఎంత మోజో సినిమా లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సావిత్రి పాత్ర వేసిన కీర్తి సురేషే ఆరేళ్ళ తర్వాత బుజ్జికి గొంతు ఇచ్చింది. కార్లను ప్రేమించిన పాత్ర నుంచి తనే కారైపోయే పాత్రకి!

సరే, బుజ్జి బలం ఎంత? 94 కిలోవాట్లు. ఇక్కడే నేను ఆశ్చర్యపోయాను. 2020 జనవరిలో మార్కెట్లోకొచ్చిన టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు బలం 95 కిలోవాట్లు! అంటే తెర మీద మనం ఈలలు వేసిన ఆ బలం షోరూములో ఎప్పటినుంచో అమ్మకానికి వుందన్నమాట. పైగా దాని బరువు బుజ్జి బరువులో పావు వంతే. ఇక పరుగు ఎవరిదో మీరే చెప్పండి!

నూటపాతికేళ్ళ ఫ్లాష్‌బ్యాక్

ఎలక్ట్రిక్ కారు నిన్న మొన్న పుట్టిందనుకుంటున్నారా? అయితే ఒక్క రీలు వెనక్కి తిప్పుదాం.

మోటారు బండ్ల చరిత్రలో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటింది పెట్రోలు కారు కాదు, కరెంటు కారు! 1899లో బెల్జియంకు చెందిన కామిల్ జెనాట్జీ తూటాలాంటి బండి చేయించి 105 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. పెట్రోలు కార్ల చక్రవర్తి హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా తిరిగింది దేంట్లో అనుకున్నారు? కరెంటు కారులోనే! అప్పట్లో పెట్రోలు కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి ఇనప కడ్డీ తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో క్యాడిలాక్ కారుకి మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు వచ్చాక ఆ బాధ తీరింది. పెట్రోలూ చవక. దాంతో కరెంటు కారు కథ మొదటి అంకంలోనే ముగిసింది.

రెండో అంకం అమెరికాలో. జనరల్ మోటార్స్ కంపెనీ 1996లో 'ఈవీ 1' అనే కారును అద్దె ఒప్పందం మీద జనానికిచ్చి, తర్వాత వెనక్కి తీసుకుని చాలావాటిని నుగ్గు చేయించింది. ఈ ఉదంతం మీద 2006లో ఏకంగా ఒక డాక్యుమెంటరీ సినిమాయే వచ్చింది. దాని పేరుకి తెలుగు 'ఎలక్ట్రిక్ కారును చంపిందెవరు?' చూశారా, కార్లలోనూ హత్యా రహస్య చిత్రాలున్నాయి!

మన దేశానికొస్తే 2001లో బెంగుళూరులో చేతన్ మైనీ 'రేవా' అనే బుల్లి కారు తెచ్చాడు. పాతకాలపు సీసం బ్యాటరీలతో ఒక ఛార్జికి 80 కిలోమీటర్లు నడిచేది. లండన్ వీధుల్లో కూడా తిరిగింది. మన హైదరాబాద్ కూడా తక్కువ తినలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలోనే మొదటి ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది గానీ, ఆ ఒక్క రేసుతోనే మన కుర్రాళ్ళకి కరెంటు కారంటే బొమ్మ కారు కాదని తెలిసొచ్చింది.

రేసు కారు సంగతి సరే, పెళ్ళి వీడియో కారు సంగతేమిటి? అది నర్మెట్టలో తేలవలసిందే!

మొదటి రోజు: ఎర్ర లైటు

2025 మే నెల. వైశాఖం పెళ్ళిళ్ళ సందడి. హైదరాబాదులో వుండే నా స్నేహితుడొకడు తన ఎలక్ట్రిక్ కారు మూడు రోజులపాటు నా చేతికిచ్చాడు. 30 యూనిట్ల బ్యాటరీ. కాగితం మీద 300 కిలోమీటర్ల పైచిలుకు నడవాలి.

కారు వాకిట్లో ఆగగానే వీధి వీధంతా వచ్చేసింది. "ఎంత కరెంటు కాలుతదే?" ఇదొక్కటే అందరి ప్రశ్న. మన పల్లెలో కరెంటు లెక్క తెలియని రైతున్నాడా? అందుకే వాళ్ళ భాషలోనే చెప్పాను. అయిదు హార్స్ పవర్ బోరు మోటారు ఎనిమిది గంటలు నడిస్తే ఎంత కరెంటు కాలుతుందో, ఈ కారు కడుపు నిండడానికి కూడా దాదాపు అంతే. అంటే 30 యూనిట్లు. "గంతేనా!" అన్నాడొక పెద్దాయన. రైతులకు అంతకన్నా తేలికైన వివరణ ఏ కంపెనీ కాగితంలోనూ నాకు దొరకలేదు.

రాత్రి ఛార్జింగ్ ముహూర్తం. కూలరు పెట్టే 15 ఆంపియర్ల ప్లగ్గులో తీగ పెట్టాం. పచ్చ లైటు వెలగాల్సిన చోట ఎర్ర లైటు! తీసి పెట్టాం. మళ్ళీ ఎర్ర లైటే. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "గిదేందన్నా, మొదట్లనే గిట్లాయె!"

ఊళ్ళో కరెంటు పని చేసే కాకను పిలిపించాం. టెస్టరు పెట్టి చూసి నవ్వాడు. "కారు మంచిగనే వుంది బిడ్డా. మీ ఇంటికే ఎర్తు లేదు."

అదీ సంగతి! ప్లగ్గులో మూడో కన్నం వుంది గానీ దాని వెనక తీగే లేదు. బల్బులకూ, ఫ్యానుకూ ఎర్తు లేకపోయినా చెల్లిపోతుంది. కారు ఛార్జరు మాత్రం ఒప్పుకోదు. షాకు కొట్టే ప్రమాదం వుందని తనే ఆగిపోతుంది. మర్నాడు పొద్దున్నే కాక పెరట్లో గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వరసలుగా నింపి నీళ్ళు పోశాడు. మీటరు దగ్గర నుంచి విడిగా లావు రాగి వైరు, దానికో ఎమ్‌సీబీ వేశాడు. "ఎండకాలం గుంతల నీళ్ళు పోస్తుండాలె, మన భూమి ఎండిపోతది" అని హెచ్చరించి మరీ వెళ్ళాడు.

ఈసారి పచ్చ లైటు! గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కుతోంది. అంటే కడుపు నిండడానికి తొమ్మిది, పది గంటలు. "రాత్రి పండుకునేటప్పుడు ఫోను ఛార్జింగు పెట్టినట్టు పెట్టుడే గద!" అన్నాడు తమ్ముడు. వాడి మొహం మళ్ళీ వెలిగింది.

మధ్యలో కరెంటు పోతే? పూర్వం టాకీసులో కరెంటు పోతే బొమ్మ ఆగిపోయేది, జనం అరిచేవారు. కారులో ఆ బాధ లేదు. ఎక్కినంత ఎక్కి వుంటుంది, కరెంటు వచ్చాక మిగతాది ఎక్కుతుంది.

రెండో రోజు: బర్రెకు వినపడలేదు!

మర్నాడు జనగామ ప్రయాణం. పోను రాను నలభై కిలోమీటర్లు. నిజం చెప్పొద్దూ, ఊరు దాటి కాలు అదిమానో లేదో, వీపు సీటుకి అతుక్కుపోయింది! గేరు లేదు, కుదుపు లేదు, ఆలస్యం లేదు. పెట్రోలు ఇంజను బలం పుంజుకోవడానికి కాస్త వేగం కావాలి. కరెంటు మోటారుకి బలం మొదటి అడుగులోనే వుంటుంది. నా వెటకారాలన్నీ ఆ ఒక్క క్షణంలో వెనక సీట్లో పడ్డాయి.

అయితే ఒక చిక్కు. రోడ్డుకి అడ్డంగా బర్రెల మంద. మామూలుగా బండి చప్పుడు వింటే కాస్త కదులుతాయి. మా కారు వాటి వెనకదాకా వచ్చినా వాటికి వినపడలేదు. కాసేవాడికీ వినపడలేదు! హారను కొడితే అతను ఎగిరిపడి, "చప్పుడు లేకుండ వస్తరా? దయ్యమనుకున్న గదనే!" అని కేకలేశాడు. నవ్వులాటకి చెప్పడం లేదు. పల్లె రోడ్ల మీద ఈ కారు నడిపేవాడు తన కళ్ళకి తోడు ఎదుటివాడి చెవుల సంగతీ చూసుకోవాలి.

జనగామ బజారులో ఇంకో వింత. పెట్రోలు కారు ఆగుతూ కదులుతూ పోతే మైలేజీ పడిపోతుంది కదా? దీనిది అంతా తలకిందుల వ్యవహారం. కాలు తీసినప్పుడల్లా చక్రాలే మోటారును తిప్పుతాయి. మోటారు కరెంటు పుట్టించి తిరిగి బ్యాటరీలో పోస్తుంది. అందుకే బజారులో నిదానంగా తిరిగితే ఖర్చు తక్కువ. స్టూడియో పని, ఆల్బమ్ పని, ఒక నిశ్చితార్థం షూటింగు అన్నీ ముగించుకుని యాభై కిలోమీటర్లు తిరిగి ఇల్లు చేరితే కాలింది ఏడు యూనిట్లు! కెమెరాలు, లైట్లు అన్నీ వెనక డిక్కీలో భద్రం. తమ్ముడు నడుం నిమురుకోలేదు.

"ఇగ జూసుడేందన్నా, కొనుడే!" అన్నాడు రాత్రి.

మూడో రోజు: క్లైమాక్స్

తొందరపడి కోయిల ముందే కూసింది!

మూడో రోజు సాయంత్రం జనగామలో పెళ్ళి. ఆరున్నరకి ఎదురుకోలు. ఈలోగా కోఠీలో రిపేరుకిచ్చిన కెమెరా తెచ్చుకోవాలి. పొద్దున్న బ్యాటరీ నిండుగా వుంది. కాగితం మీద 300 కిలోమీటర్లు. మాకు కావలసింది రాకపోకలకు 200. ఇంకేం భయం?

జనగామ దాటి వరంగల్–హైదరాబాద్ హైవే ఎక్కేసరికి నాలోని కార్ల పిచ్చోడు నిద్రలేచాడు. నున్నటి రోడ్డు, చప్పుడు లేని బండి, పక్కన తమ్ముడు. నలభై దాటిన ఎండకి ఏసీ పూర్తిగా పెట్టి, 110 మీద వదిలాను. పెట్రోలు కార్లను ఒక్కొక్కటే దాటేస్తుంటే ఏమి ఆనందం! ఆలేరు వచ్చింది, భువనగిరి వచ్చింది. ఉప్పల్ చేరాక అంకె చూసి గతుక్కుమన్నాను. నూటికి 38 మాత్రమే వుంది!

కోఠీలో కెమెరా తీసుకుని తిరుగుముఖం పట్టాం. ఘట్‌కేసర్ వచ్చేసరికి 24. ఫోనులో చూసి దగ్గర్లోని ఛార్జింగ్ కేంద్రానికి వెళ్ళాం. ఫోను ప్రకారం అది పనిచేస్తోంది. యంత్రం మాత్రం మాతో ఏకీభవించలేదు. తెర చీకటి. చుట్టుపక్కల అడుగుదామంటే మనిషి లేడు.

ఏసీ ఆపి, అద్దాలు దించి, అరవై వేగంతో భువనగిరి వైపు కదిలాం. చెమటలు. అవి ఎండకో భయానికో చెప్పలేను. అక్కడ యంత్రం బాగానే వుంది, కానీ ఒక్కటే వుంది. దానికి అప్పటికే వేరే కారు తగిలించి వుంది. ఆయన ముప్పావుగంట తర్వాత కదిలాడు. మా బ్యాటరీలో మిగిలింది పది. ఇంకో ముప్పై అయిదు నిమిషాలు ఛార్జి ఎక్కించాం. పెట్రోలు బంకులో అయిదు నిమిషాల పని!

జనగామ ఫంక్షన్ హాలు చేరేసరికి ఏడు. బాజాలు ఆగిపోయి వున్నాయి. ఎదురుకోలు ముగిసింది. పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చాడు. గట్టిగా అరిచినా బాగుండేది. నెమ్మదిగా అడిగాడు.

"ఏం తమ్మీ, ఎదురుకోలు అయినంక వస్తివి. నీ కోసం మల్ల జేద్దమా?"

తమ్ముడు తల వంచుకున్నాడు. ఒప్పుకున్న డబ్బులో మూడు వేలు కోత పడింది. దానికి వాడు బాధపడలేదు. "ఇంటిల్లిపాది నవ్విన ఘడియ మల్ల రాదన్నా. గది నా కెమెరాల లేదు" అన్నాడు రాత్రి ఇంటికి వస్తూ. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

విలన్ ఎవరు?

కారుదా తప్పు? పనిచేయని యంత్రానిదా? కొంత దానిదే. కానీ అసలు విలన్ నా కుడికాలు!

కారుకి ఎదురొచ్చే గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు. వేగం 80 నుంచి 110కి పెంచితే ఆ ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. జనగామ బజారులో యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు నడిచిన కారు హైవేలో నా ధాటికి అయిదుకి పడిపోయింది. కాగితం మీద 300 ఎక్కడిదంటారా? అది ప్రయోగశాలలో ఒక పద్ధతి ప్రకారం, మెల్లని వేగాలతో నడిపి తేల్చే లెక్క. నెక్సాన్ తొలి మోడలుకి అలా తేలిన దూరం 312 కిలోమీటర్లు. మన ఎండలో, మన రోడ్ల మీద ఇలాంటి 30 యూనిట్ల బ్యాటరీ నుంచి ఆశించదగ్గది 200 దరిదాపు. సినిమా పోస్టరు మీద 'అఖండ విజయం' అని వుంటే మనం కలెక్షన్లు వేరే అడుగుతాం కదా? ఇదీ అంతే!

అసలు రేసు డ్రైవర్లే ఈ పాఠం నేర్చుకున్నారు. ఫార్ములా ఈ రేసులో మూలమలుపు రాకముందే కాలు తీసి ఛార్జి పొదుపు చేస్తారు. మితిమీరి తొక్కినవాడు చివరి చుట్టులో చతికిలబడతాడు. గంటకు 300 కిలోమీటర్లు దాటగల కార్లు నడిపేవాళ్ళకే పొదుపు తప్పలేదు. నర్మెట్ట కార్ల పిచ్చోడు మాత్రం 110లో పోయాడు!

లెక్కల పుస్తకం

మర్నాడు అన్నదమ్ములిద్దరం స్టూడియోలో కూర్చుని లెక్క రాశాం. కోపంతోనో, మోజుతోనో కాకుండా అంకెలతో.

తమ్ముడు నెలలో 26 రోజులు నర్మెట్ట, జనగామ చుట్టూనే తిరుగుతాడు. రోజుకి 50 కిలోమీటర్లనుకుంటే నెలకి 1300. పెట్రోలు కారు లీటరుకి 17 ఇచ్చిందనుకుందాం. 76 లీటర్లు. అప్పటి ధర లీటరు 107 రూపాయల చొప్పున ఎనిమిది వేల పైనే. కరెంటు కారుకి 186 యూనిట్లు. ఇంట్లో వాడకం పెరిగి యూనిట్ తొమ్మిది రూపాయలు పడుతుందనుకున్నా 1,700 లోపే. నెలకి ఆరు వేల పైచిలుకు మిగులు! ఇంజను ఆయిలు మార్పు లేదు, క్లచ్చి ప్లేటు ఖర్చు లేదు. బయట ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రాల్లో మాత్రం యూనిట్‌కి ఇంటి రేటు కన్నా రెట్టింపు దాకా పోవచ్చు. కాబట్టి ఈ లాభమంతా ఇంటి ప్లగ్గు వున్నవాడికే.

ఇంకో వెసులుబాటు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. 2026 డిసెంబరు 31 దాకా అని ఆ ఉత్తర్వు. కారు ఖరీదు పెట్రోలు కారు కన్నా ఎక్కువే అయినా ఈ మాఫీ కొంత భారం తగ్గిస్తుంది.

మరి దూరం పెళ్ళిళ్ళు? నెలకి ఒకటో రెండో. వాటికి బండి కిరాయి పెళ్ళివాళ్ళే ఇస్తారు. ఆ రోజు డ్రైవరుతో పెట్రోలు కారో, డీజిలు కారో మాట్లాడుకుంటే సరి.

అంటే ఎవరికి పనికొస్తుంది ఈ కారు? సొంత ఇల్లు, సొంత వాకిలి, సొంత ప్లగ్గు వుండి, రోజూ తెలిసిన దారిలో తిరిగేవాడికి. చిత్రమేమిటంటే ఈ మూడూ పట్నంలో అయిదో అంతస్తు అద్దె ఇంట్లో వున్న మా స్నేహితుడికి లేవు, నర్మెట్టలో వున్న మా తమ్ముడికి వున్నాయి! పట్నం బండి అనుకున్నది పల్లెకే బాగా నప్పుతోంది. అదే రోజూ హైదరాబాదుకి కిరాయి తోలేవాడికీ, వున్న ఒక్క కారులో కుటుంబంతో తిరుపతి బయల్దేరేవాడికీ, దారి పొడవునా నమ్మకమైన యంత్రాలు వచ్చేదాకా నేను కొనమని చెప్పను.

రెండు చేదు నిజాలు

మెచ్చుకుంటూనే రెండు మాటలు దాచకుండా చెప్పాలి.

ఒకటి, మంటల భయం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలో 8 మంది ప్రాణాలు పోయాయి. అది మరిచిపోదగ్గది కాదు. ఆ ఏడాది చివరినుంచి కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించింది. మన వంతుగా ఎక్స్‌టెన్షన్ తీగలతో, వదులు ప్లగ్గులతో ఛార్జింగ్ పెట్టకూడదు. మా కాక తవ్విన గుంత అందుకే!

రెండు, పొగ. కారుకి పొగగొట్టం లేదు, నిజమే. కానీ కరెంటు ఎక్కడినుంచి వస్తోంది? మన భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం బొగ్గు కాలుస్తోంది. అంటే మన కారు పొగ మన వీధిలో కాకుండా అక్కడ లేస్తోందన్నమాట. మోటారు ఇంజను కన్నా పొదుపరి కాబట్టి మొత్తం మీద లాభమే. ఇంటిమీద సోలారు పలకలు పెట్టుకున్ననాడు ఆ లాభం పూర్తిగా మన చేతికొస్తుంది.

శుభం కార్డు

ఇంతకీ తమ్ముడు కొన్నాడా, లేదా?

కొన్నాడు! ఒక చిన్న ఎలక్ట్రిక్ కారు. వెనక అద్దం మీద పెద్ద అక్షరాలతో 'బుజ్జి' అని రాయించాడు. స్టీరింగు పక్కన ఒక చీటీ అంటించాడు: '80 దాటొద్దు. ముఖ్యంగా అన్నకు తాళం ఇయ్యొద్దు.'

మొన్నొక పెళ్ళిలో వాడు అందరికంటే గంట ముందే వెళ్ళి లైట్లు బిగించుకుంటున్నాడు. ఎదురుకోలు మొదలు అప్పగింతల దాకా ఒక్క ఘడియ తప్పిపోలేదు. పెళ్ళికూతురు ఏడుస్తుంటే తండ్రి కళ్ళు తుడుచుకోవడం కూడా కెమెరాలో వుంది. అది చూశాక నా గుండెలోని ముల్లు కాస్త కదిలింది.

మరి నేనంటారా? నా పాత మారుతి 800 ఇంకా వుంది. ఆదివారం పొద్దున స్టార్ట్ చేసి, టీ తాగుతూ వింటున్నాను. అప్పుడే పక్కనుంచి చప్పుడు లేకుండా తమ్ముడి బుజ్జి వెళ్ళిపోయింది. వాడు చెయ్యి వూపాడట. నాకు వినపడలేదు... చూడలేదు కూడా!